ఆగాత ఉన్న వైపు

సమాధుల పండుగ రోజు పొద్దున శౌరీలమ్మ లేచేసరికి సమాధుల తోట గోడ వంటింట్లోకి వచ్చి ఉంది. పొయ్యి గోడకి లోపలి వైపు పడింది. నీళ్ళ బిందె బయటి వైపు పడింది. గోడ నడుమెత్తు ఉంది, కొత్తగా కొట్టిన సున్నం ఇంకా ఆరలేదు. ఆమె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గోడ ఎక్కి దిగి, చెంబుతో నీళ్ళు ముంచుకుని, మళ్ళీ ఎక్కి దిగి టీ పెడుతుంది.

ఈ గోడ ఏటా జరుగుతుంది. ఊళ్ళో పోయేవాళ్ళు ఎక్కువ, పాత జాగా తక్కువ. అందుకని అక్టోబరు నెలంతా రోజుకి రెండడుగులు ముందుకి వచ్చి, నవంబరు రెండో తారీఖు సాయంత్రం ఫాదర్‌గారు సమాధుల మీద తీర్థం చల్లగానే ఆగిపోతుంది. ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో నాలుగెకరాల మిరపచేను కలుపుకుంది, బడిని కలుపుకుంది, పాలకేంద్రాన్ని కలుపుకుంది. పాలు పోసేవాళ్ళు ఇప్పుడు గోడ దూకి పోసి వస్తారు, ఎవరికీ ఇబ్బంది లేదు.

వంటింటి వెనక పదడుగుల్లో, కరివేపాకు చెట్టు పక్కన, జానెడు మట్టిదిబ్బ ఉంది. దాని కింద శౌరీలమ్మ కూతురు ఆగాత ఉంది. పుట్టిన రెండో రోజు మధ్యాహ్నం పోయింది. గోడ వచ్చి తన పిల్లని లోపలికి తీసుకుంటుందని ఆ తల్లి ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎదురు చూస్తోంది. పెరడు దాటితే పక్క విచారణ, అంటే పక్క గుడి పరిధి, మొదలవుతుంది, అక్కడి ఫాదర్‌గారు వేరు, అక్కడి గోడ వేరు. మన గోడ అటు పోదు. అంటే ఇదే ఆఖరి ఏడు. ఈ సాయంత్రం లోపల ఇంకో పదడుగులు రావాలి, లేదంటే ఇక ఎప్పటికీ రాదు.

పిల్ల బయట ఎందుకుందో చెప్పాలి. శౌరీలమ్మ మొగుడు ఇన్నయ్య ఆ ఊరి ఉపదేశి. ఫాదర్‌గారు లేనప్పుడు ప్రార్థన చెప్పించేది ఆయనే. చావుబతుకుల్లో ఉన్న బిడ్డకి ఎవరైనా సరే జ్ఞానస్నానం ఇవ్వొచ్చని ఊరందరికీ నేర్పిందీ ఆయనే. తల మీద నీళ్ళు పొయ్యాలి, పోస్తూ మాటలు చెప్పాలి, రెండూ ఒక్క మనిషే చెయ్యాలి. వందమందికి ఈ పాఠం చెప్పిన మనిషి, తన బిడ్డ నీలంగా మారిపోతుంటే చేతులు వణికి చెంబు పట్టుకోలేకపోయాడు. నీళ్ళు శౌరీలమ్మ పోసింది. మాటలు ఆయన చెప్పాడు. మర్నాడు పొద్దున్నే పోయి అప్పటి ఫాదర్‌గారిని, నీళ్ళు ఒకరూ మాటలు ఒకరూ అయితే చెల్లుతుందా అని అడిగాడు. ఫాదర్‌గారు పోయినవాళ్ళ రిజిస్టరు తెరిచి, అప్పటికే రాసిన పేరు అడ్డంగా కొట్టేశారు. అడక్కపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇన్నయ్య నిజాయితీపరుడే, కాదనం. ఆ నిజాయితీ ఆ ఒక్కరోజు కాస్త ఆలస్యంగా నిద్ర లేచినా పిల్ల లోపల ఉండేది. శౌరీలమ్మ ఆయనకి రోజూ వేడిగా అన్నం పెడుతుంది. క్షమించడం మాత్రం క్షమించలేదు.

పదింటికి ఆమె తమ్ముడు జోజప్ప రాజమండ్రి నుంచి వస్తాడు. ఆరేళ్ళ కిందట మార్మన్‌లనే అమెరికా క్రైస్తవుల సభలో చేరాడు. తెల్లచొక్కా, టై, మెరిసే బూట్లు. ఒంటి మీంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. వాళ్ళ గుడి ఉన్న దేశానికి పోయి, చనిపోయిన చుట్టాల బదులు తాను బాప్తిస్మం నీళ్ళలో మునిగి వస్తుంటాడు. ఒక్కో పేరుకి ఒక్కో మునక. ఇప్పటికి నలభై మూడు మంది అయ్యారు, అందుకే ఆరడు. శౌరీలమ్మ అతని కింద ఒక బేసిను పెడుతుంది.

"టీ తాగుతావంట్రా?"

"మా సభలో టీ తాగం గదక్కా."

"నీకు కాదురా. నీలో ఉన్నోళ్ళలో ఎవరన్నా తాగుతారేమోనని."

జోజప్ప కాసేపు లోపలికి విని చెబుతాడు. "నాన్న అడుగుతున్నాడు. కానీ నోరు నాది గదా, కుదరదు."

"అమ్మకి గూడా మునిగావంట. ఒప్పుకుందా?"

"మునగటం వరకే మన పనక్కా. ఒప్పుకోటం ఒప్పుకోకపోటం వాళ్ళ ఇష్టం. అమ్మ ఇంకా ఏం చెప్పలా. నీళ్ళలో ఉన్నంతసేపూ జపమాల గొణుగుతానే ఉంది."

అతను వచ్చింది తాతగారి జ్ఞానస్నానం తేదీ కోసం, ఆయన బదులూ మునగడానికి. పాత రిజిస్టర్లు ఇన్నయ్య ట్రంకుపెట్టెలో ఉంటాయి. ఇన్నయ్య ఆ పెట్టె మీదే కూర్చుని ఉన్నాడు.

"మీ సభకి ఇవ్వకూడదని మా పెద్దలు చెప్పారు జోజీ. మీ తాత ఒకసారి పుచ్చుకున్నాడు, అది చాలు."

"అది చెల్లదు బావా. అపొస్తలులు పోయినాక ఆ అధికారం భూమ్మీద లేకుండా పోయింది. పదిహేడొందల ఏళ్ళు ఖాళీ. మళ్ళా మా ప్రవక్తతోనే వచ్చింది."

"మీది గూడా మావాళ్ళు ఒప్పుకోరులే. నీళ్ళూ అవే, పిత పుత్ర పవిత్రాత్మ అనే మాటలూ అవే. కానీ మీరు ఆ ముగ్గురూ అనేది వేరే ముగ్గుర్నంట."

శౌరీలమ్మ చేతిలో గరిటె ఆగిపోతుంది. నీళ్ళూ అవే, మాటలూ అవే, అయినా చెల్లదట. ఆమె పప్పులో ఉప్పు వేస్తుంది.

భోజనాలయ్యాక ఫాదర్ జ్ఞానప్రకాశం వస్తాడు. ముప్పై రెండేళ్ళ కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆయన నెత్తి మీద ఒక చెయ్యి ఉంది. గురుపట్టం ఇచ్చి ఫాదర్‌ని చేసిన రోజు బిషపుగారు పెట్టారు, తియ్యలేదు. ఆ చేతికి వెనక ఇంకో చెయ్యి, దానికి వెనక ఇంకొకటి. అలా చేతుల వరస గుమ్మంలోంచి వీధిలోకి, వీధిలోంచి రోడ్డెక్కి, బాపట్ల మీదుగా సముద్రంలోకి పోతుంది. అటు చివర ఉన్నది ఏసు శిష్యుల్లో మొదటివాడు పునీత పేతురుగారి చెయ్యి అంటారు. జోజప్ప నెత్తి మీదా చేతులున్నాయి, ఎనిమిదో తొమ్మిదో. ఆ పైది మాత్రం ఇంటి రేకులు చీల్చుకుని ఆకాశం నుంచి నేరుగా దిగింది. అదీ పేతురుగారిదేనని జోజప్ప చెబుతాడు. అంత బరువు మోస్తున్నందువల్ల ఇద్దరూ మెడలు తిప్పలేరు. ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు మాత్రమే చూసుకోగలరు.

ఫాదర్‌గారు కూర్చోవడానికి శౌరీలమ్మ ప్లాస్టిక్ కుర్చీలు తెస్తుంది. తెచ్చినవి మూడని జోజప్ప లెక్కపెడతాడు. ఒకటేనని ఫాదర్‌గారు లెక్కపెడతారు. ఇద్దరూ మళ్ళీ మళ్ళీ వేళ్ళతో తాకి లెక్కపెడతారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

"మూడూ వేరువేరక్కా, పిత పుత్ర పవిత్రాత్మ లాగే," అంటాడు జోజప్ప. "తండ్రికి మనలాగే ఒళ్ళుంది. మాంసం, ఎముకలు, అన్నీ."

శౌరీలమ్మ చటుక్కున అతని వైపు తిరుగుతుంది. "అయితే ఒడి ఉంటదా? పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుంటాడా?"

"ఉంటదక్కా."

"దేవుడు ఆత్మమ్మా," అంటారు ఫాదర్‌గారు. "ఒడీ చేతులూ మనం పోలికకి చెప్పుకునేవి. ఒడి కావాలంటే మరియమ్మగారికి ఉంది."

"మరియమ్మని మేం అడగం," అంటాడు జోజప్ప.

ఒడి ఉన్న దేవుడి దగ్గర మరియమ్మ లేదు, మరియమ్మ ఉన్నచోట దేవుడికి ఒడి లేదు. ఏడవాలో నవ్వాలో తెలియక శౌరీలమ్మ కుర్చీ తుడుస్తుంది. ఒక కుర్చీ తుడుస్తున్నదో మూడు తుడుస్తున్నదో ఆమెకీ తేలదు.

"ఫాదరుగారూ, నా పిల్ల యాడుంది? ఆ ఒక్క మాట చెప్పండి."

"పాత ఫాదర్‌గారు లింబో, మోక్షమూ నరకమూ కాని చోటు, అన్నారు కదమ్మా. అది అభిప్రాయమే, సిద్ధాంతం కాదు. ఇప్పుడు శ్రీసభ అలాంటి పసివాళ్ళని దేవుని దయకి అప్పజెప్పింది. దేవుడి దగ్గరే ఉందని మేం ఆశిస్తున్నాం."

"దయకి అప్పజెప్పినాక ఈ గోడెందుకండీ?"

ఫాదర్‌గారి ముఖం ఎర్రబడుతుంది. మంచివాడు కాబట్టి బాధపడతాడు. "ఇప్పుడైతే లోపలే పెట్టేవాళ్ళమమ్మా."

"మరి ఇప్పుడు పెట్టండి."

"అప్పుడు పోయింది కదా. అప్పటి పిల్లకి అప్పటి గోడే వర్తిస్తుంది."

జోజప్ప బేసిన్లోంచి ఒక కాలు ముందుకి వేస్తాడు. "అక్కా, అసలు ఎనిమిదేళ్ళు నిండని పిల్లలకి బాప్తిస్మమే అక్కర్లేదు. చంటిదానికి పాపమేంది? నువ్వు పోసిందీ తప్పే, బావ చెప్పిందీ తప్పే. ఆ పిల్ల ఎప్పుడో పైలోకంలో ఉంది. రేపు లేచినాక చంటిపిల్లగానే లేస్తది, తల్లే పెంచుకుంటది."

శౌరీలమ్మ గోడ పట్టుకుంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో పెంచుకోవడం అనే మాట ఆమెతో ఎవరూ అనలేదు.

"నేను పెంచుకోవచ్చా?"

"నువ్వు మునగాలి. బావ మునగాలి. మీ పెళ్ళి మా గుడిలో మళ్ళా ముద్ర పడాలి. మీ పెళ్ళి చావుతో తెగిపోతది, అట్టాంటి పెళ్ళితో కుదరదు."

"అందాకా ఎవరు పెంచుతున్నార్రా దాన్ని?"

జోజప్ప లోపలికి వింటాడు. నలభై మూడు మందినీ ఒక్కొక్కరినే అడుగుతాడు. "అది నాకు తెలవదక్కా."

"దాని పేరన్నా రాసుకో నీ కాయితంలో."

"అక్కర్లేనోళ్ళ పేర్లు రాయం. ముంచాల్సినోళ్ళవే రాస్తాం."

ఆమె ఇన్నయ్యని చూస్తుంది. "మునుగుతావంటయ్యా?"

ఇన్నయ్య పెట్టె మీంచి లేవడు. "నలభై ఏళ్ళు ఊరందరికీ ఒకటి నేర్పి, ఇప్పుడు పోయి ఇంకోటి చెయ్యమంటే ఎట్టాగే? అప్పుడు నేను చెప్పిన మాటలు అబద్ధమైపోవా? దాని తల మీద చెప్పిన మాటలు."

శౌరీలమ్మకి ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి వస్తాయి. చెల్లవని కొట్టేసిన ఆ మాటలని ఇన్నేళ్ళూ ఆయన నిజమనే నమ్ముతున్నాడని ఆమెకి ఇవాళే తెలిసింది. ఈ ముక్క ఆ రోజే చెప్పి ఉంటే బతుకు ఇంకో రకంగా ఉండేదేమో.

నాలుగున్నరకి ఫాదర్‌గారు ఇన్నయ్యని లేపి, పెట్టెలోంచి రిజిస్టరు తీసి, పోయినవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెడతారు. ఒక్కో పేరుకి గోడ ఒక్కో జానెడు జరుగుతుంది. వంటిల్లు దాటుతుంది, నీళ్ళ బిందెని కలుపుకుంటుంది, పెరట్లోకి దిగుతుంది. శౌరీలమ్మ పక్కనే నడుస్తుంది. ఆరడుగులు, ఎనిమిది, తొమ్మిది. ఆమె ఊపిరి బిగబట్టి రెండు చేతులా గోడని తోస్తుంది. అరచేతులకి సున్నం అంటుకుంటుంది. ఫాదర్‌గారి వేలు కొట్టేసిన గీత మీదికి వస్తుంది. ఆయన ఆ గీత దగ్గర ఒక క్షణం ఆగి, కళ్ళు మూసి తెరిచి, కింది పేరు చదువుతారు.

గోడ దిబ్బ ముందు ఆగి, పక్కకి వంగి, కరివేపాకు చెట్టుని లోపలికి తీసుకుంటుంది. దిబ్బని బయట వదిలేస్తుంది.

"మీరిద్దరూ ఒక్కసారి ఇటు రండి," అంటుంది శౌరీలమ్మ. "ఒక్క అడుగు. దాన్ని చూసి, ఇప్పుడు చెప్పినయ్యన్నీ దానికి చెప్పండి."

ఫాదర్‌గారు తిరగబోతారు, చేతుల వరస మెడని కదలనివ్వదు. జోజప్ప తిరగబోతాడు, ఆకాశంలోంచి దిగిన చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. "అక్కడ ఎవరూ లేరక్కా," అంటాడు జోజప్ప. "అక్కడ ఏమీ లేదమ్మా," అంటారు ఫాదర్‌గారు. ఇందాకటి నుంచీ ఇద్దరి మాటా కలిసింది ఇక్కడొక్కచోటే.

"ఏమీ లేనిచోట అదొక్కతే ఉందా ఇన్నేళ్ళు?" అంటుంది శౌరీలమ్మ. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గోడ ఎక్కుతుంది.

"పేర్లు చదివినాక గోడ దాటితే మళ్ళీ లోపలికి రానివ్వదమ్మా, ఇవాళ పండుగ," అంటారు ఫాదర్‌గారు.

"నువ్వూ రారాదా?" అని ఆమె మొగుడిని అడుగుతుంది.

ఇన్నయ్య గోడ దాకా వస్తాడు. సున్నం మీద చెయ్యి వేస్తాడు. "సాయంత్రం సమాధుల దగ్గర ప్రార్థన ఉంది గదే. నేను లేకపోతే ఎవరు చెప్పిస్తారు?" కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోడు. ఆమె అవతలికి దిగుతుంది.

ఫాదర్‌గారు తీర్థం చల్లుతారు. గోడ ఆగిపోతుంది. కాసేపటికి వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. ఇల్లూ, ట్రంకుపెట్టే, ఒకటో మూడో కుర్చీలూ, కొవ్వొత్తులు వెలిగించిన సమాధులూ, ముగ్గురు మగవాళ్ళూ దానితో పాటు దూరమవుతారు. ఇన్నయ్య ప్రార్థన చెప్పిస్తున్న గొంతు చిన్నదై, ఇక వినపడదు.

ఎండ ఇంకా ఉంది. శౌరీలమ్మ దిబ్బ పక్కన ఒక పక్కకి తిరిగి పడుకుంటుంది, బాలింతరాలు పడుకునే తీరులో. ఆమెకి అరవై ఒకటో ఏడు. జాకెట్టు తడుస్తుంది. పాలు ఎప్పుడో ముప్పై ఎనిమిదేళ్ళ కిందట మూడు రోజులు పొంగి, గుడ్డలతో బిగించి కట్టేస్తే ఇంకిపోయినవి. ఆమె హుక్కు విప్పి రొమ్ము మట్టికి ఆనిస్తుంది. మట్టి తాగుతుంది. మొదట తెలియక తడుముకుంటుంది, తర్వాత గుటకలు వేస్తుంది. ఆమెకి పట్టరాని సంతోషం, దాంతో పాటే భయం.

ఉన్నట్టుండి నొప్పి పుడుతుంది. ఆమె తల వంచి చూస్తుంది. దిబ్బ మీద మట్టిలోంచి ఒక పాలపన్ను మొలిచింది. అది కరిచింది. రక్తం రెండు చుక్కలు పడుతుంది. ఆమె వెనక్కి తీసుకోదు.

పక్కనే ఇంకో పన్ను మొలుస్తుంది. అది ఆగాతది కాదు, గోడ బయట ఉండిపోయిన వేరే పిల్ల ఎవరిదో. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే కాలిబాటలో, గట్ల మీద, పక్క విచారణ చేలల్లో, కనుచూపు మేర నేలంతా సన్నగా తెల్లగా పళ్ళు మొలుస్తున్నాయి. ఒక్కొక్కటీ ఆకలితో చిన్నగా టకటకలాడుతోంది. శౌరీలమ్మ రెండో హుక్కు కూడా విప్పుకుని, అటు పక్కకి తిరిగి పడుకుంటుంది.