కుర్చీ వెంట మనిషి

చక్రాల కుర్చీ కారు డిక్కీలో పడుతుందా, పట్టదా అన్న వాదన ఆ ఇంట్లో అప్పటికే పాతబడింది. పాతబడిందే గానీ చల్లబడలేదు. ఆ పొద్దున టీ గ్లాసులు బల్ల మీదికి రాకముందే మళ్ళీ రాజుకుంది.

"స్పేర్ టైరు తీసేస్తే పడుతుంది," అన్నాడు తమ్ముడు.

"దారిలో టైరు పేలితే కుర్చీ చక్రం బిగిస్తారా?" అంది అతని భార్య. "పార్కులో కుర్చీలు అద్దెకిస్తారట కదండీ. పెట్టెలు డిక్కీలో పడేసుకుని హాయిగా వెళ్ళొచ్చు."

"ఆ అద్దె కుర్చీలు చెక్కబల్లల్లా ఉంటాయి. అమ్మకి నడుం పట్టేస్తుంది."

"అయితే పెట్టెలు మీ నెత్తిన పెట్టుకోండి."

వాళ్ళు మాట్లాడుకుంటున్న ఆ కుర్చీ వంటగది గుమ్మంలోనే ఉంది. కుర్చీలో వాళ్ళ అమ్మ ఉంది. ఆవిడ మెడ చుట్టూ తువ్వాలు కట్టి, పాలలో నానిన రొట్టెను చెంచాతో నోటికందిస్తూ పక్కన కూతురు ఉంది. అమ్మకి ఎడమవైపు పడిపోయి చాలా కాలమైంది. చెవిలో వినికిడి మిషను, తీసినప్పుడు ఆపకపోతే ఈల వేస్తుంది. రొట్టె కుడి దవడలోకి వెళ్ళేలా పెట్టాలి. గడ్డం కింద వేలితో మెల్లిగా నొక్కితే మింగుతుంది. ఆ రోజు ఎంత నొక్కినా సగం రొట్టె గిన్నెలోనే మిగిలిపోయింది.

"మామ్మని డిక్కీలో పెట్టి, కుర్చీని ముందు సీట్లో కూర్చోబెడితే సరి," అన్నాడు తమ్ముడి కొడుకు, ఆమె మేనల్లుడు.

తల్లి వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. అందరికంటే ముందు నవ్వింది మాత్రం అమ్మే. నవ్వితే నోరు ఒక పక్కకి పోతుంది, పాలు కారతాయి. "కిటికీ ఉంటే డిక్కీ అయినా పర్లేదురా నాకు," అంది.

కూతురు ఆ పాలు తుడిచింది. ఆమెని పిల్లలు అత్తా అంటారు, తమ్ముడు అక్కా అంటాడు, మరదలు వదినా అంటుంది. పనిచేసే దుకాణంలో మాత్రం అందరికీ టోకెనక్క. ఇంట్లో కంటే దుకాణంలోనే ఎక్కువ మంది పిలుస్తారు కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. చేసుకోనని ఎప్పుడూ అనలేదు కూడా. ఆ మాట ఎత్తేవాళ్ళు ఒక్కొక్కళ్ళుగా ఎత్తడం మానేశారు, అంతే.

కారులో ఐదుగురికే చోటు. ఇంట్లో ఉన్నది ఆరుగురు. ఆ వినోదాల పార్కుకి వెళ్దామన్న మాట పుట్టిన రోజే ఆమె "నేను బస్సులో వస్తాన్లే" అనేసింది. ఈ ప్రయాణం మొత్తంలో గొడవ లేకుండా తేలిన విషయం అదొక్కటే.

దుకాణం ఊరి నడిబొడ్డున ఉంది. నాలుగు అంతస్తులు, గుమ్మం పొడవునా అద్దాలు. లోపలికి వచ్చేవాళ్ళు చేతిలోని సంచులు గుమ్మం పక్క కౌంటరులో ఇచ్చి టోకెను తీసుకోవాలి. ఆ కౌంటరు వెనక, గోడ నిండా ఉన్న గూళ్ళ ముందు, మోచేతుల దగ్గర నునుపెక్కిన నీలం కోటు వేసుకుని ఆమె నిలబడుతుంది. కూర్చోవడానికి ఎత్తు స్టూలు ఒకటి ఉంది గానీ, కూర్చుంటే పై గూళ్ళు అందవు. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి. అరచేతులు వెడల్పు. ఏ సంచి బరువైనా ఆ చేతుల్లోకి వచ్చాక చప్పుడు చేయకుండా గూటిలోకి చేరుతుంది. సంచి ఇచ్చేవాళ్ళు సంచినే చూస్తారు, తీసుకునేటప్పుడూ సంచినే చూస్తారు. ఆమె ముఖం ఎవరికీ గుర్తుండదు. టోకెను ఉండగా గుర్తుండాల్సిన పనీ లేదు.

"టోకెనక్కా, సెలవు దొరికిందటగా!" అన్నాడు తలుపు దగ్గర నిలబడే కాపలాదారు. "మరి మా సంచులు ఎవరు చూస్తారు?"

"నువ్వే చూసుకో. నిద్రపోకుండా."

"నిద్రపోతే లేపే దిక్కు కూడా నువ్వేగా! ఇంతకీ అక్కడ ఏమెక్కుతావు? ఆ పెద్ద చక్రమా?"

"నేనేదీ ఎక్కను. దిగుతాను."

"ఎక్కడికి?"

"నీళ్ళలోకి," అంది ఆమె, ఎవరో ఇచ్చిన తడి గొడుగును గూటిలో నిలబెడుతూ. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. అన్నాక చెవులు వేడెక్కాయి.

మేనకోడలు ఫోనులో చూపించిన వీడియోతో మొదలైంది ఇది. ఆ పార్కు మధ్యలో చెరువంత కొలను ఉంది. గంట మోగగానే నీళ్ళలో ఉన్నవాళ్ళంతా కేకలు పెడుతూ ఒకే వైపు తిరుగుతారు. దూరం నుంచి అల వస్తుంది. వచ్చి, చిన్నా పెద్దా, లావూ సన్నం చూడకుండా అందరినీ ఒక్కసారి పైకెత్తి మళ్ళీ కింద నిలబెడుతుంది. పిల్లలు తర్వాతి వీడియోకి వెళ్ళిపోయారు. ఆమె మనసు అక్కడే ఆగిపోయింది. రోజుకి ఎన్నిసార్లు అమ్మని కుర్చీలోంచి మంచం మీదికీ, మంచం మీంచి కుర్చీలోకీ ఎత్తుతుందో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. తనని ఎవరైనా ఎత్తింది మాత్రం, ఎంత వెనక్కి వెళ్ళినా గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఎత్తుకునే ఉంటారు. ఒక్కసారి, ఎవరికీ బరువనిపించకుండా, తన కాళ్ళు నేల వదిలితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అంతకు మించి పార్కులో ఆమెకి కావలసింది ఏమీ లేదు.

ఆ కొలనులో దిగాలంటే ఈత దుస్తులు ఉండాలట. మూడో అంతస్తులో మోకాళ్ళ దాకా వచ్చే ముదురు నీలం జత ఒకటి కొంది. బట్టలు అమ్మే పిల్ల "మీ మేనకోడలికా అక్కా?" అంటే అవునూ కాదూ అనకుండా తలూపింది. ఇంటికి తీసుకెళ్ళే ధైర్యం చాలక, పరాయివాళ్ళ సంచిలాగే టోకెను తగిలించి చివరి గూటిలో దాచింది. ప్రయాణం దగ్గర పడుతోందని ఆ సాయంత్రం దాన్ని తీసి తన చేతిసంచిలో అడుగున పెట్టుకుంది. వీధిలోకి వచ్చాక, సంచి బరువు ఏమీ పెరగకపోయినా, చెయ్యి మార్చుకుంటూ నడిచింది.

ఇంటికి వచ్చేసరికి పార్కు వాళ్ళు పంపిన కవరు వచ్చి ఉంది. బల్ల మీద చేతి బ్యాండులు పరిచి ఉన్నాయి. పెద్దవాళ్ళవి నారింజ రంగు, పిల్లలవి ఆకుపచ్చ, మామ్మది ఊదా. మేనల్లుడు అప్పుడే తనది తగిలించేసుకుని తిట్లు తింటున్నాడు.

"ఇదేంటి నాన్నా, అత్తది ఇలా ఉంది? చచ్చిన ఎలుక రంగు," అంది మేనకోడలు.

"అది అటెండెంటు బ్యాండు. కుర్చీ వెంట ఉండే మనిషికి టికెట్ అక్కర్లేదు, పూర్తిగా ఉచితం. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. నేనే తవ్వి తవ్వి అడిగి సాధించాను," అన్నాడు తమ్ముడు. ఆ గొంతులో ఇంటికి మేలు చేసినవాడి సంతోషం ఉంది.

"అంటే దీంతో ఏదీ ఎక్కనివ్వరా?"

"అన్ని గేట్లలోంచీ పోవచ్చు. లైన్లో నిలబడక్కర్లేదు, తెలుసా! ఎక్కడమంటే... కుర్చీ వదిలి ఎలా ఎక్కుతుందే?"

టోకెనక్క ఇంకా చెప్పులు విప్పలేదు. "నీళ్ళలోకి?" అంది.

"నీళ్ళలోకా!" తమ్ముడు నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకెందుకక్కా ఆ తడి? గట్టు మీద గొడుగులుంటాయి, కుర్చీలుంటాయి. నువ్వూ అమ్మా చల్లగా కూర్చోండి. మా చెప్పులూ ఫోన్లూ ఎవరో ఒకరు చూడాలిగా."

"వదినని ఒక్క మాట అడగాల్సిందండీ," అంది మరదలు.

"ఏమని అడగను? అక్క ఎప్పుడైనా ఏదైనా కావాలందా?"

అది నిజమే.  టోకెనక్క నోట్లోంచి "పర్లేదులే" అన్న మాట, ఆమె అనాలనుకోకముందే, అలవాటు కొద్దీ వచ్చేసింది.

"చీకటి పడకముందే ఆ డిక్కీ సంగతి తేల్చేద్దాం," అంటూ తమ్ముడు లేచాడు. "అమ్మని కాస్త మంచం మీదికి మార్చక్కా. కుర్చీ కిందికి తీసుకెళ్తాను."

అమ్మా కూతుళ్ళది ఒకే గది. ఆమె అమ్మ ముందు వంగి, మోకాళ్ళ మధ్య అమ్మ మోకాళ్ళు పట్టి, చంకల కింద చేతులు వేసి లేపింది. రోజూ అమ్మ కుడిచేత్తో ఆమె మెడ పట్టుకుంటుంది. ఈసారి ఆ చెయ్యి మెడ దాకా వచ్చి జారిపోయింది. తడిసిన దుప్పటిని ఎత్తినట్టుంది. తమ్ముడు కుర్చీ మడిచి మెట్ల మీద ధడేల్ ధడేల్మని దించుకుపోయాడు. పిల్లలు వెనకే పరిగెత్తారు.

"చచ్చిన ఎలుకేంటే? ఇంట్లో ఎలుకలున్నాయా?" అంది అమ్మ.

"లేవమ్మా. నా బ్యాండు రంగు."

"ఆ సంచిలో ఏంటి? అంత గట్టిగా పట్టుకున్నావు?"

ఆమె తీసి చూపించింది. అమ్మ కుడిచేతి వేళ్ళతో ఆ గుడ్డ తడిమింది. "జారుతోంది," అంది. "లోతెంతట?"

"ఛాతీ దాకా."

"తల తడవనీకు. నీకసలే జలుబు."

ఆమె దుస్తులు మడిచింది. మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడిచింది. అమ్మ చూస్తూనే ఉంది. బల్ల దగ్గర మాటలన్నీ గోడ ఇవతలికి వినిపించే ఉంటాయి.

"నేను రానని చెప్పెయ్యనా వాడికి?" అంది అమ్మ.

"నువ్వు రాకపోతే నేను నీతో ఇంట్లో ఉండాలి. వస్తే నీతో గట్టు మీద ఉండాలి."

టోకెనక్క కోపంగా అనలేదు. ఏ సంచి ఏ గూటిలో పడుతుందో చెప్పినట్టు చెప్పింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ బయటికి రాని మాట అది, వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఎక్కడా పట్టు దొరకలేదు. అమ్మ పైకప్పు చూసింది.

"అవునే," అంది. "నన్ను గోడ వైపుకి తిప్పు," అంది.

ఆమె తిప్పింది. వీపు కింద దిండు సర్దింది. ఏదో ఒకటి అనాలి, అలా కాదమ్మా అనో, ఊరికే అన్నాననో అనాలి అనుకుంటూ నిలబడింది. ఈలోగా కింది నుంచి తమ్ముడు కేకేశాడు. "అక్కా! ఆ నైలాన్ తాడు పట్రా! కుర్చీ పట్టేటట్టుంది!"

కింద వాకిట్లో ఇంటిల్లిపాదీ డిక్కీ చుట్టూ చేరి కిందామీదా పడుతున్నారు. నిలువుగా పెట్టారు, అడ్డంగా పెట్టారు. మరదలు సలహా ఇస్తే తమ్ముడు వినలేదు, అదే సలహా కూతురు ఇస్తే విన్నాడు. కాళ్ళు పెట్టుకునే రేకులు రెండూ ఊడదీసి, చక్రాలు పైకి తిప్పి తోస్తే, కుర్చీ ఒక్కసారిగా లోపలికి ఒదిగిపోయింది. మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. తమ్ముడు డిక్కీ మూత వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. "నేను చెప్పలా? చెప్పలా?" అన్నాడు. "సరే, గెలిచారు," అంది అతని భార్య నవ్వుతూ. టోకెనక్క కూడా నవ్వింది. తాడు అవసరం పడలేదు. దాన్ని చేతికి చుట్టుకుంటూ మెట్లెక్కింది.

గుమ్మంలోంచే తెలిసిపోయింది. అమ్మ పడుకుంటే ఎడమ భుజం కదలదు, కుడి భుజం ఊపిరికి కదులుతుంది. ఇప్పుడు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె దగ్గరికి వెళ్ళి నుదురు తాకింది. జారిన దిండును, ఎందుకో తెలియకుండానే, మళ్ళీ సరిగ్గా పెట్టింది. తర్వాత మెట్ల దగ్గరికి వచ్చి, "అమ్మ పోయిందిరా," అంది. వర్షం వస్తోంది, బట్టలు తియ్యండి అని చెప్పే గొంతే అది. అందుకే కింద ఉన్నవాళ్ళకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

పక్కవీధి డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. మరదలు అత్తగారి ముఖం తడిగుడ్డతో తుడిచి, జుట్టు దువ్వి, చెవిలోని వినికిడి మిషను తీసి మంచం పక్కనున్న స్టీలు గిన్నెలో పెట్టింది. ఫోన్లు చేయాల్సిన వాళ్ళకి ఫోన్లు చేశారు. ఆ తర్వాత చేయడానికి ఏమీ తోచక అందరూ ముందుగదిలో కూర్చున్నారు. తమ్ముడు చొక్కా చేతికి ముక్కు తుడుచుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "కుర్చీ పట్టిందని చెబుదామనుకున్నా," అన్నాడు. "చెప్పనే లేదు." బ్యాండులు బల్ల మీద అలాగే ఉన్నాయి. మరదలు వాటిని మెల్లిగా కవరులో వెయ్యబోయింది.

"రేపు ఫోన్ చేసి రద్దు చేయించేస్తాను," అన్నాడతను.

"రద్దు చేస్తే వాళ్ళు ఒప్పుకోరు. తేదీ మారుస్తారంతే," అంది మరదలు. వెంటనే, "ఇప్పుడెందుకులెండి ఆ మాటలు," అని నాలిక కరుచుకుంది.

"మార్పించు," అంది టోకెనక్క.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఏడవలేదు. నైలాన్ తాడు ఇంకా చేతికి చుట్టే ఉంది.

"తేదీ మార్పించు. నాకు మామూలు టికెట్ తీసుకో. నా డబ్బులు నేనిస్తాను. నేను నీళ్ళలోకి దిగుతాను."

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. తమ్ముడు, అక్క దుఃఖంలో ఏదో మాట్లాడుతోందనుకున్నాడు. మేనకోడలు తల్లి చెయ్యి పట్టుకుంది. మరదలు మాత్రం అలా అనుకోలేదు. ఆమె వదిన ముఖంలోకి ఒక్కసారి చూసి, చూపు దించుకుంది.  

మాటలు ఆగిపోయాక వినిపించింది, పక్క గదిలోంచి, సన్నగా, తెంపు లేకుండా. ఆపేయడం ఎవరికీ గుర్తులేక, ఖాళీ గిన్నెలో అమ్మ వినికిడి మిషను ఒక్కటే ఈల వేస్తూ ఉంది.