గోడవైపు పళ్ళెం

నా పేరు ఆదిశేషు. బాపట్లవాణ్ణి. దుబాయ్‌లో ఒక కట్టడాల కంపెనీ ఆఫీసులో డ్రాయింగులకు నంబర్లు వేసి బీరువాలో పెట్టడం నా ఉద్యోగం. అద్దె తక్కువని అజ్మాన్‌లో కాపురం. ఇవన్నీ పొట్టకూటి సంగతులు. అసలు నేను పండితుణ్ణి. ఈ మాట నేను తప్ప ఇంకెవరూ అనలేదు, అది వేరే విషయం.

పదకొండేళ్ళుగా ఎడ్విన్ పిమ్ అనే దొర జీవిత చరిత్ర రాస్తున్నాను. విక్టోరియా రాణి కాలంవాడు, సబ్బుల వ్యాపారి కొడుకు. పాదిరీ పరీక్ష తప్పి మానవశాస్త్రంలో పడ్డాడు. 1881లో నిజాం సర్కారు అనుమతి చీటీతో ఎడ్లబండెక్కి, గోదావరి దగ్గర గుండ్లవాగు అనే పల్లెకు వచ్చి, మూడు వందల పన్నెండు తలకాయలను పటకారు లాంటి దానితో కొలిచాడు. ఉన్నది పదకొండు రోజులు. రాసింది ఎనిమిది వందల పేజీలు. దానికి లండన్‌లో పతకమిచ్చారు, ఆచార్యుడి కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలోంచి లేవకుండా ముప్ఫై ఏళ్ళు గుండ్లవాగు మీదే ఉపన్యాసాలిచ్చి కన్నుమూశాడు.

"ఆయన ఉన్న రోజుకి మీరు ఏడాది చొప్పున రాశారు. లెక్క సరిపోయింది, ఇక ఆపండి" అంది మా ఆవిడ మాణిక్యాంబ.

ఆపేవాణ్ణే. కానీ విజయవాడలో ఒక ప్రచురణకర్త ఆశపెట్టాడు. "పోయిన దొర సంగతి ఎవరిక్కావాలండీ? ఆయన రాసిన ఆచారం ఒక్కటైనా ఇవాళ్టికీ ఉందని రుజువు చూపించండి, అచ్చేస్తాను" అన్నాడు.

పిమ్ దొర కీర్తికంతటికీ మూలం ఆయన పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం, 'గోడలో పితరులు'. గుండ్లవాగులో గౌరవనీయుడైన అతిథిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి అన్నం పెడతారట. గోడలో ఉన్న పెద్దలు అతనితో కలిసి భోంచేస్తారట. మొదటి రోజు తనకు ఈ గౌరవం దక్కలేదనీ, మూడో రోజునుంచి దక్కిందనీ, అక్కడ తిన్నంత తృప్తిగా సొంత ఇంట్లో కూడా తినలేదనీ రాశాడు.

2023లో మా సైటులో స్టీలు కట్టే పోశయ్యది గుండ్లవాగని తెలిసింది. ఎగిరి గంతేశాను. దుబాయ్‌లోనే సోనాపూర్ కూలీల క్యాంపులో ఉంటాడు, యాభై దాటిన మనిషి.

"ఆదివారం రాండ్రి సార్, కోడికూర వండుతం" అన్నాడు.

వెళ్ళాను. గదిలో ఆరుగురు, అందరూ ఆ చుట్టుపక్కలవాళ్ళే. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి గుండ్రంగా కూర్చున్నాం. నేను ఎడమచేత్తో నోటుపుస్తకం పట్టుకుని, ఎవరు ముందు ఏం కలుపుకున్నారు, ముద్ద ఎంత, ఎన్నిసార్లు నమిలారు, అన్నీ రాసుకున్నాను. ముద్ద ఎత్తినప్పటినుంచి మింగేదాకా కన్నార్పకూడదన్నది పిమ్ దొర పద్ధతి.

రెండో ఆదివారం పోశయ్య నా పళ్ళెం విడిగా పెట్టాడు.

"సార్, మీరు గిటు గోడ దిక్కు తిరిగి కూసోండ్రి."

పిమ్ దొర రాసిన గోడే! నూట నలభై రెండేళ్ళు! "ఎందుకు పోశయ్యా?" అన్నాను.

"మా దిక్కు గంతే సార్."

"గోడలో పెద్దలుంటారనా?"

పోశయ్య పక్కనున్న, అదే గదిలో ఉండే దేవేందర్ మొహం చూశాడు. "ఆఁ... గంతే సార్, గంతే."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడవైపు కూర్చునే, 'రుజువు దొరికింది' అని ప్రచురణకర్తకు మెసేజ్ పెట్టాను. 'రాసి పంపండి, వచ్చే నెల అచ్చు' అని జవాబొచ్చింది. ఆ రాత్రి మా ఆవిడ దగ్గర నా నడకే మారిపోయింది.

నాలుగో ఆదివారం అధ్యాయం పూర్తిచేసి పట్టుకెళ్ళాను. వాళ్ళ గురించి రాసింది వాళ్ళకు వినిపించడం మర్యాద కదా. భోజనానికి ముందు నిలబడి చదివాను. "గుండ్లవాగు ప్రజలు సముద్రం దాటినా తమ పితరులను గోడలో వెంటబెట్టుకుని..." అన్నానో లేదో, దేవేందర్ తాగుతున్న నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. మిగతావాళ్ళు మంచాల చాటుకు మొహాలు తిప్పుకున్నారు.

"నవ్వకుండ్రిరా" అని కసిరి, పోశయ్య నావైపు తిరిగాడు. "ఏమనుకోకుండ్రి సార్. మీరు మేం తినే బుక్క బుక్కా సూస్తరు. సూసి రాస్తరు. మొదటి ఆదివారం దేవేందర్‌కు బుక్క దిగలే. నజర్ తాకుతది, దిష్టి సార్ గట్ల సూస్తే. సదువుకున్నోళ్లు, ఇంటికొచ్చిన్రు, పొమ్మని ఎట్లంటం? అందుకే గోడ దిక్కు తిప్పినం."

"మరి గోడలో పెద్దలు?"

"అది మీరే అన్నరు కద సార్. నేను ఆఁ అన్న."

"మరి ఆ కాలంలో మీ ఊరివాళ్ళు పిమ్ దొరను కూడా..."

పోశయ్య కూరగిన్నె మూత తీశాడు. "ఆయన గూడ మీ లెక్కనే సూసిండేమో."

బూడిదలో పోసిన పన్నీరు. దొర పతకం ఖలాస్, నా పుస్తకం ఖలాస్. సిగ్గుతో చెవులు మండిపోయాయి. నిజం చెప్పొద్దూ, పుస్తకం పోయినదానికంటే రెండు వారాలు గోడను చూసి మురిసిపోయినందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. నోటుపుస్తకం సంచిలో పెట్టేసి, "ఇవాళ మీలోనే కూర్చుంటాను, పోశయ్యా" అన్నాను పంతంగా.

జరిగి చోటిచ్చారు. పాపం నన్ను బాధపెట్టామని వాళ్ళకు బెంగ. సారు తింటున్నాడా లేదా అని ఆరుగురూ నా చేతివైపే చూస్తున్నారు. ముద్ద కలిపాను, చూశారు. ఎత్తాను, చూశారు. నోట్లో పెట్టుకున్నాను. గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగి దింపాను. రెండో ముద్దకూ అంతే, మూడో ముద్దకూ అంతే.

"సార్, మీ దిక్కు బుక్క బుక్కకు నీళ్లు తాగుతరా?" అడిగాడు దేవేందర్. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

మీరలా చూస్తుంటే దిగడం లేదని ఎలా చెప్పను? అన్నం పెట్టినవాళ్ళు.

"ఆఁ. మా వంశాచారం" అన్నాను.

"ఎందుకు సార్?"

"పోయినవాళ్ళకు దాహం వేస్తుందని. ముద్దకో గుక్క, వాళ్ళ పేరుమీద."

అందరూ భక్తిగా తలలూపారు. పోశయ్య ఒక్కడే నమలడం ఆపి నా మొహంలోకి చూశాడు. మీసాల కింద నవ్వుకున్నాడు. ఏమీ అనకుండా నా పళ్ళెం తీసి గోడవైపు పెట్టాడు.

"తిరుగుండ్రి సార్."

తిరిగాను. ముద్ద సాఫీగా దిగింది. పిమ్ దొర అంత తృప్తిగా ఎందుకు తిన్నాడో అప్పుడు తెలిసింది. రెండోసారి కూర అడిగి వేయించుకుని తింటుంటే, నా పుస్తకంలో ఆఖరి అధ్యాయానికి మొదటి వాక్యం దానంతటదే వచ్చింది: 'ఆదిశేషు అనే బాపట్లవాసి తన వంశాచారం గురించి సోనాపూర్‌లో అబద్ధం చెప్పాడు.'