బల్ల మీది అదురు

భర్త తాతబాబు డ్యూటీకి వెళ్ళగానే పైడితల్లి చేసే మొదటి పని ఆ బల్ల తుడవటం. పోర్టు క్వార్టర్స్‌లో కాపురముండేవాళ్ళకి ఎర్రదుమ్ము వచ్చిపోయే చుట్టం కాదు, ఇంట్లో మనిషే. ఓడలకెత్తే ఇనుప ఖనిజం పొడి గాలికి లేచి, ఆరేసిన బనీన్ల మీదా, మూతపెట్టిన అన్నంగిన్నె మీదా, పిల్ల కనురెప్పల మీదా వాలుతుంది. మిగతావి ఎప్పుడు తుడిచినా అడిగేవాళ్ళు లేరు గానీ, బల్లకి మాత్రం పద్ధతి ఉంది. "తడిగుడ్డ ఎట్టకు. వైర్లు కదపకు. బల్ల జరపకు." ఈ మూడు మాటలూ అతను చెప్పులేసుకుంటూ రోజూ అంటాడు, గడపకి చెబుతున్నట్టు.

అది ఆమె బల్లే. బీయస్సీలో చేరినప్పుడు నాన్న ఊళ్ళో వడ్రంగి చేత టేకుతో చేయించాడు. సొరుగులో సిరా ఒలికిన మచ్చ ఇంకా ఉంది. కాపురానికి వచ్చేటప్పుడు ఆమెతోపాటు లారీ ఎక్కింది. ఇప్పుడు దాని మీద నడుమ రికార్డు ప్లేయరు, పక్కన క్యాసెట్ డెక్కు, ఆ కొసా ఈ కొసా ద్వారకా నగర్‌లో కొన్న రెండు పెద్ద స్పీకర్లు. ఆ గదికి తాతబాబు 'స్టూడియో' అని పేరు పెట్టాడు. ఆదివారం వచ్చిందంటే స్నేహితుల కోసం రికార్డుల మీది పాటల్ని క్యాసెట్లకి ఎక్కిస్తాడు.

ఈ వేసవిలో బి.ఇడి. ప్రవేశపరీక్ష రాయాలని పైడితల్లికి ఆశ. బియ్యం డబ్బా మీద పుస్తకం పెట్టుకుని, వంటింటి గచ్చు మీద కూర్చుని చదువుతోంది. నడుము లాగేస్తుంటే ఒకసారి నోరు తెరిచి బల్ల అడిగింది. అతను నవ్వాడు. "బల్లా? మరి సెట్టు నీ నెత్తి మీదెట్టమంటావేటి?" అత్త రామలక్ష్మమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ, "సదివింది సాలదేటే? వంటింట్లోకి బల్లలెందుకమ్మా, పప్పు సదువుతాదా?" అంది. తల్లీ కొడుకూ కలిసి నవ్వుకున్నారు. అందులో పగ ఏమీ లేదు. అదే ఆమెకి ఎక్కువ అలసట. పగ ఉంటే కనీసం పోట్లాడొచ్చు.

పాటలో డోలు గట్టిగా మోగే చోటల్లా రికార్డు మీద ముల్లు ఎగిరి పక్క గీతలోకి పడేది. క్యాసెట్టు పాడయ్యేది. దానికి కారణం ఎవరో ఆ ఇంట్లో అందరికీ ముందే తెలుసు. "నడకేటే అది? ఏనుగు నడిసినట్టు! ముల్లు ఎగిరిపోతంది," అని తాతబాబు అరిచేవాడు. రుబ్బురోలు వల్లే ఇల్లు అదురుతోందని అత్త తేల్చింది. అప్పట్నించి ఆదివారం పాటలయ్యేదాకా రుబ్బటం లేదు, దంచటం లేదు, బిందె దించటం లేదు. పని తగ్గిందా అంటే లేదు. శనివారానికీ, ఆదివారం సాయంత్రానికీ జరిగింది, అంతే. తెల్లారి లేస్తూనే పైడితల్లి మునివేళ్ళ మీద నడిచేది. పిక్కలు రాళ్ళయ్యేవి. ఈమధ్య మూడేళ్ళ సీతాలు కూడా నాన్న పాటలు పెట్టగానే మునివేళ్ళ మీద నడవటం మొదలెట్టింది. ఎవరూ నేర్పలేదు. అమ్మని చూసి నేర్చుకుంది. "బుద్ధిమంతురాలు," అని నాన్నమ్మ మెటికలు విరిచింది.

ఒక ఆదివారం అత్త మల్కాపురంలో తన కూతురింటికి వెళ్ళింది. తాతబాబు పొద్దున్నే సెట్టు పెట్టెయ్యటంతో బల్ల తుడవటానికి పైడితల్లికి వీలే దొరకలేదు. సీతాలుకి జ్వరం. పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని స్టూడియో గడపలోనే స్టూలు మీద కూలబడింది. పొయ్యి వెలగలేదు, రోలు తిరగలేదు, ఇంట్లో ఒక్క కాలు కదల్లేదు. డోలు మోగింది. ముల్లు ఎగిరింది.

"పైడీ! మళ్ళీ నడిసావా?" వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

 ఆమె బల్లనే చూస్తోంది. స్పీకర్ల ముందు ఎర్రదుమ్ము పలచగా పరుచుకుని లేదు. గీతలు గీతలుగా పోగుపడింది. డోలు దెబ్బ పడినప్పుడల్లా ఆ గీతలు వణుకుతున్నాయి. కాలేజీ ల్యాబులో ఇత్తడి పలక మీద ఇసుక చల్లి, అంచున ఫిడేలు కమాను లాగితే ఇసుక ముగ్గులా పేరుకునేది. అదే ఇది. స్పీకర్ల అదురు బల్లలోకి దిగి, బల్లలోంచి ముల్లుకి పాకుతోంది. ఆమె నడక కాదు. ఏనాడూ ఆమె నడక కాదు. రోజూ తన చేత్తోనే ఆ గీతల్ని తుడిచేస్తూ వచ్చింది.

"నేను కదల్లేదండీ. పిల్ల ఒళ్ళో ఉంది, చూడండి. మీ స్పీకర్లే బల్లని ఊపుతున్నాయి. సౌండు తగ్గిస్తే ముల్లు ఎగరదు."

"సౌండు తగ్గించి పాట ఇనడమేటి? కాలేజీ పాఠాలు నాకు సెప్పకు."

మర్నాడు ఆమె వెనక గుమ్మం దగ్గర కాలిపట్టా తీసింది. పోర్టులో ఖనిజం మోసి మోసి అరిగాక పారేసిన రబ్బరు బెల్టు ముక్క అది. క్వార్టర్స్‌లో ప్రతి గుమ్మానికీ అదే కాలిపట్టా. కత్తిపీట మీద ఒంటి బలమంతా వేసి కోసింది. ముక్కల్ని స్పీకర్ల కింద పెట్టింది. పాత సైకిలు ట్యూబు మడతలేసి ప్లేయరు కాళ్ళ కింద దూర్చింది. ఎవరికీ చెప్పలేదు. అరచేతిలో బొబ్బ లేచింది. ఆ చేత్తోనే చపాతీలు ఒత్తింది.

మళ్ళీ ఆదివారం తాతబాబు స్నేహితుడు అప్పలసూరి, ఇంకో ఇద్దరూ వచ్చారు. డోలు మోగింది. ముల్లు కదల్లేదు.

"ఏటి బావా, గెంతట్లేదు! మంత్రమేసావేటి?" అన్నాడు అప్పలసూరి.

తాతబాబు వంగి చూశాడు. రబ్బరు ముక్కలు కనిపించాయి. క్షణం తలెత్తలేదు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. "బెల్టు ముక్కలెట్టానురా. బుర్ర వాడాలి."

టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ పైడితల్లి వైపు అతని చూపు ఒక్కసారి వచ్చి వెళ్ళింది.  అవి పెట్టింది తనేనని అంటే నలుగురిలో మొగుడి పరువు తీసిందంటారు. అనకపోతే, ఆ పని ఆమెదని ఎవరికీ తెలియనే తెలియదు.

అప్పలసూరి క్యాసెట్టు వెనక్కి తిప్పి విన్నాడు. "కానీ బావా, పాట అడుగున సన్నగా గుర్రుమంటంది. అదెలా పోద్ది?"

తాతబాబు బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కల్ని ఇటు జరిపాడు, అటు జరిపాడు. చివరికి గొంతు తగ్గించి, "ఏటి సెయ్యాలంటావు పైడీ?" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆమెని అతను అడిగిన మొదటి ప్రశ్న కాదది. కూరేటి, చొక్కా ఏదీ అని రోజూ అడుగుతాడు, ఎలా అని మాత్రం ఏనాడూ అడగలేదు. పళ్ళెం పెట్టడానికి బల్ల మీద చోటు లేదు. కింద పెట్టింది.

"స్పీకర్లు ఇటుకల మీద, నేల మీదుండాలి. ప్లేయరు ఆ గోడలోని సిమెంటు అరలో ఉండాలి. రబ్బరు ముక్కలు ఎన్ని పెట్టినా, రెండూ ఒకే బల్ల మీదున్నంత కాలం అదురు పోదు."

"మరి బల్ల?"

"సెట్టుకి అక్కర్లేదు. నాకు కావాలి."

 "అదేటే..." అంటూ వెనక గదిలోంచి రామలక్ష్మమ్మ గొంతు లేవబోయింది. పైడితల్లి అప్పటికే ప్లేయరు, డెక్కుల వైర్లు ఊడదీసి, వాటిని అరలో పెడుతోంది.

"స్పీకర్లు దించండి, అప్పలసూరి అన్నయ్యా. దించాక ఆ కొస పట్టుకోండి. కిటికీ దగ్గరికి."

అప్పలసూరి తాతబాబు వైపు చూశాడు. తాతబాబు ఖాళీ అవుతున్న బల్ల వైపు చూస్తున్నాడు. బల్ల లేచింది. కింద ఇన్నాళ్ళూ గుడ్డ తగలని చోట ఎర్రగా నలుచదరంగా దుమ్ము.

చప్పుడుకి సీతాలు వచ్చింది. పాట ఇంకా ఉందనుకుని, మునివేళ్ళ మీద, చేతులు రెండూ గాలిలో నిలిపి.

"మడమలు ఆనించి నడువమ్మా," అంది పైడితల్లి.