పలక మీది పేరు

మెకానిక్ పెదనాన్నకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఉదయం అది నెత్తికెక్కింది. మూతపడ్డ బట్టల దుకాణంలో, చెక్కమెట్ల పాత ఎస్కలేటర్ ముందు నిలబడి తమ్ముడి కూతురు కాగితం మీద "తుక్కు" అని రాస్తోంది. కూల్చబోయే భవనాల్లో అరుదైన ఎస్కలేటర్లను గుర్తించి మ్యూజియానికి పంపడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఆమె వద్దంటే మధ్యాహ్నానికి గ్యాస్ కట్టర్లు దిగుతాయి.

"ఇది పెద్ద కంపెనీది పెదనాన్నా. ఇలాంటివి ఇంకా నలభై ఉన్నాయి. పేరు ఇక్కడే ఉంది, చూడు," అంది, మెట్లు నేలలోకి దూరే చోట దువ్వెనలా పళ్లున్న ఇనుప పలకను చూపిస్తూ.

"నీ మొహం! ఇది మీ తాత పనిచేసిన కార్ఖానాది. వాళ్లు చేసినవి మూడే మూడు, రెండు ఎప్పుడో కరిగించేశారు. ఈ చెక్కలన్నీ మా నాన్న చిత్రిక పట్టినవి!"

"మా తాత చేశాడని రాస్తే మా ఆఫీసులో ఊరుకుంటారా? రుజువు కావాలి."

రుజువట! ఆయనకు ఒళ్లు మండిపోయింది. ఈ చదువుకున్నవాళ్లకు పేరు కనిపిస్తే చాలు, చేసినవాడు అక్కర్లేదు. మోకాళ్లను తిట్టుకుంటూ కూలబడి, స్పానర్‌తో ఒక మెట్టు విప్పి తిరగేశాడు. చొక్కా చేత్తో జిడ్డు తుడిచాడు. చెక్క కింది ఇనుప చట్రం మీద, పోత పోసినప్పుడే పడిన పిచ్చుక బొమ్మ, దాని కింద కార్ఖానా పేరు.

ఆమె ఇంకో రెండు మెట్లు విప్పించింది. రెండింటికీ పిచ్చుకే ఉంది. "తుక్కు" కొట్టేసి "భద్రపరచాలి" అని రాసింది. ఇప్పుడు కోపం ఆమె వంతయింది.

"మరి దీనికి ఇంకో కంపెనీ పలక బిగించిన వెధవ ఎవడు? ఇంకాస్తయితే తాత మెట్లను నా చేత్తోనే తుక్కుకు పంపేదాన్ని! మార్పు చేసిందెవరో కూడా ఇందులో రాయాలి."

ఆ ఒక్క సంగతే పొద్దుటి నుంచి ఆయన చెప్పకుండా మింగుతూ వచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట, ఇక్కడ మరమ్మతులు చేసే రోజుల్లో, పాత పలక పళ్లు విరిగితే, కొత్తది పోయించే ఓపిక లేక, గోదాంలో దొరికినదాన్ని అరగదీసి బిగించేశాడు. కార్ఖానా పేరున్న పాత పలకను పారేశాడు. నాన్న అప్పటికి బతికే ఉన్నాడు. ఒకరోజు వచ్చి, వంగి ఆ పలక మీది పేరు చదివి, మామూలు మెట్ల మీదుగా నడిచి పైకి వెళ్లాడు.

"ఎవరని రాయను పెదనాన్నా?"

"నా పేరే రాయి!" అని ఆయన అరిచాడు. "పెద్దక్షరాలతో రాయి!"