వినోదక్క పొద్దుటి రిపోర్టు

లిదియాకు ఆర్మూర్‌లోని పసుపు కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం ఇప్పించింది వినోదే. భర్త దుబాయ్ పోయాక, బీడీలు చుట్టడం మానేసి వినోద అంతకుముందే అదే ఆఫీసులో చేరింది. ఆమెది ఒకటే పని. అందరికంటే ముందు వచ్చి, ముందురోజు కొనుగోళ్ల రిపోర్టు తీయాలి. మీట నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. మధ్యలో ఆగిందా, మళ్లీ మొదటికే. రిపోర్టు రానిదే కొత్త సరుకు దించరు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరేవి. రైతుల తిట్లన్నీ వినోదకే.

అది చూడలేక లిదియా ఒకనాడు, రిపోర్టు టూల్ తనంతట తాను రాసి డేటాబేస్‌కు పంపే క్వెరీని, అంటే లెక్కలడిగే ఆదేశాన్ని, తెరిచింది. చూసి తల పట్టుకుంది.

"అక్కా, గిది నిన్నటియి మాత్రమే అడుగుతలేదు. కంపెనీ పెట్టినప్పటి సంది కొన్న ప్రతి బస్తాను ముందటేసుకొని, అండ్లకెళ్లి నిన్నటియి ఏరుతుంది."

"గింత మొద్దుదా? దీనికోసమేనానే నా కండ్లు కాయలు కాసినయ్!" వినోద పకపకా నవ్వింది.

నిన్నటివి మాత్రమే ఇవ్వమనే తేదీ షరతును లిదియా క్వెరీలోనే పెట్టింది. మర్నాడు వినోద కుర్చీలో సర్దుకునేలోపే రిపోర్టు వచ్చేసింది. ఆ సంబరంలో ఆమె అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించింది.

వారం తిరగకముందే మేనేజర్ దేవిదాస్ లిదియాను పిలిచాడు. "మస్తు చేసినవ్. ఇగ గా రిపోర్టు నేనే తీసుకుంట. వినోదను రావద్దని చెప్పిన."

"సార్, ఆమెకు వేరే పనేమన్న..."

"ఏమున్నది? నువ్వే చెప్పు."



సాయంత్రం లిదియా వాళ్లింటికి పోతే వినోద చాట ఒళ్లో పెట్టుకుని మళ్లీ బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. తలెత్తలేదు.

"నా మంచికే చేసినవ్, నాకెరుకే. గని కొన్నొద్దులు నా ముందటికి రాకు. కడుపు మండుతుంది."

తర్వాత కొన్నాళ్లకు దేవిదాస్ గోదాము రిపోర్టు కూడా చూడమన్నాడు. దాన్ని తీసేది గంగాదాస్. లిదియా క్వెరీ తెరిచింది. అందులోనూ అదే తప్పు. ఆమె దాన్ని మూసేసింది.

"గిది ఇంతకన్న జల్ది రాదు సార్."

దేవిదాస్ నమ్మాడు. గంగాదాస్ చెవిన పడింది మాత్రం ఆమె తన రిపోర్టు తెరిచి చూసిందన్నంతవరకే. రోజూ ఆమె పక్కనే కూర్చుని తినే అతను ఆ మధ్యాహ్నం టిఫిన్ గిన్నె తీసుకుని గోదాములోకి నడిచాడు.

"గంగాదాసన్నా, జర కూసో," అంది లిదియా.

"నీ పక్కన కూసునే ధైర్యం నాకు లేదమ్మా."

అసలు సంగతి చెబితే అది దేవిదాస్ దాకా పోతుంది. లిదియా తన గిన్నె విప్పి ఒక్కతే తిన్నది.