ఊపిరి వినపడని సంత

రికార్డరు బ్యాటరీయే చెడిపోయి ఉంటుంది, లేకపోతే ఒక్క సంత చప్పుళ్లకు ఇన్ని ముక్కలెందుకవుతాయి, అనుకుంటూ అక్క హెడ్‌ఫోన్లను చెవులకు ఇంకాస్త అదుముకుంది, ఒక్కో ముక్క ఇలా మొదలై అలా అయిపోతోంది, వీటిని అతికేసరికి తల ప్రాణం తోకకొస్తుంది, స్టూడియోలో ఏసీ చల్లగా కొడుతోంది, కిటికీ లేని గది, గోడల నిండా నల్లటి స్పాంజి, ఈ గదిలో కూర్చునే ఆమె దేశాలన్నీ తిరిగింది, తిరగడమంటే తమ్ముడు ఊరూరా తిరిగి చప్పుళ్లు పట్టుకొస్తే ఈమె వాటిని కడిగి, దువ్వి, ముస్తాబు చేసేది, యాత్రల కంపెనీ వాళ్లు వాటిని అమ్ముకునేవాళ్లు, ఇంట్లోనే కళ్లు మూసుకోండి, ఆ ఊరి రంగు, రుచి, వాసన అన్నీ మీ దగ్గరికే నడిచొస్తాయి అని, వాసన మైకులో ఎక్కడ పడుతుంది నా మొహం, అది వాడి నోట్లోంచి రావాల్సిందే, ఊరి నుంచి దిగగానే స్నానమైనా చెయ్యకుండా ఎదురుగా కూర్చుని, ఆమె కంచంలోంచే తింటూ, అక్కా, ఆ రేవులో తాళ్లున్నాయి చూడు, ముట్టుకుంటే పిల్లి నాలుకలాగా గరగరమంటాయి, గాలి పీలిస్తే ఉప్పు, పక్క సందులో కాఫీ గింజలు వేయిస్తుంటారు, ఆ పొగలో కాసేపు నిలబడితే చాలు, కడుపు నిండిపోతుంది, నిండితే మరి నా కంచం మీద ఎందుకు పడ్డావురా, అని ఆమె చేతి మీద ఒక్కటిచ్చేది, ఆ కబుర్లను బట్టే ఎక్కడ ఏ చప్పుడు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ఆమెకు తెలిసేది, ఈసారి చెప్పడానికి వాడు రాలేదు, తిరుగు ప్రయాణంలో బస్సు లోయలో పడింది, వాడి సంచీ మాత్రం వచ్చింది, లోపల రికార్డరు మీద గీత కూడా పడలేదు, దాన్ని చూస్తేనే ఒళ్లు మండుతోంది.

పొద్దున కంపెనీ మేనేజరు ఫోన్ చేసింది, మీ తమ్ముడి సంగతి విన్నామండీ, చాలా బాధేసింది, మనసు కుదుటపడ్డాకే చెయ్యండి, తొందరేం లేదు, అయితే సాయంత్రానికి పంపిస్తారు కదా, అంది, పంపిస్తుంది, తను పంపక ఏం చేస్తుంది, అసలు రికార్డరులోని మెమరీ కార్డు కూడా వాళ్లదే, తుడిచేసి ఇంకెవరికో ఇచ్చేస్తారు, ఆలోపు ఇందులో వాడు దొరకాలి, ఒక దగ్గు చాలు, ఒక తుమ్ము, అవేవీ కాకపోతే వాడి ఊపిరి, అది ఎలాగూ ఉండి తీరుతుంది, పాత రికార్డుల్లో మాత్రం వెతికినా దొరకదు, ఎలా దొరుకుతుంది, ఒక్కో ఊపిరినీ పట్టిపట్టి కోసి పారేసింది తనే, వినేవాళ్లకు ఆ వీధిలో తామొక్కరే నడుస్తున్నట్టుండాలి, మధ్యలో ఇంకెవడో బుసబుసమంటే కుదరదు, కొలిమితిత్తి అని వాడికి పేరు కూడా పెట్టింది, ఒరేయ్ తిత్తీ, నువ్వు రికార్డు చేసింది సముద్రాన్నా, నీ ముక్కునా, కాసేపు బిగబట్టలేవా, అంటే, బిగబడితే చస్తానక్కా, అని నవ్వేవాడు, ఆ మాట ఇవాళ గుర్తు రాకుండా ఉంటే ఎంత బాగుండేది.

మళ్లీ మొదటికి తిప్పింది, ఎవరో పుచ్చకాయను తట్టి చూస్తున్నారు, గుడ్డ చింపుతున్న చప్పుడు, తెలియని భాషలో బేరం, భాష తెలియకపోయినా బేరమని తెలిసిపోతూనే ఉంది, నూనెలో ఏదో చిటపటమంది, వాసన లేని చిటపట, దాని వెనకే అడుగుల చప్పుడు, దగ్గరికి, ఇంకా దగ్గరికి, మెడ మీదికే వచ్చేసినట్టయి ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది, ఎవరూ లేరు, కుర్చీకి తగిలించిన తన స్వెట్టరు, ఇవాళ పొద్దుటి నుంచీ ఇదే వరస, ఆ సంతలో ఎవరు నడిచినా ఈ గదిలో ఆమె వెన్ను జలదరిస్తోంది, వచ్చావురా అనబోయి ఆగుతోంది, శబ్దం పెంచింది, చెవులు నొప్పెట్టేదాకా పెంచింది, ఈగ రొద కూడా వినపడుతోంది, ఊపిరి లేదు, ఒక్క ముక్కలోనూ లేదు, ఇంత శుభ్రంగా ఎవరు కడిగారు, తనింకా చెయ్యే పెట్టలేదు కదా, ఆ సంతలో నిలబడి విన్నవాడు అప్పటికే లేడా ఏమిటి.

సంత అవతలి సముద్రం ముక్క పెట్టింది, అల వచ్చి పడి వెనక్కి పోయింది, ఇంకో అల, మరొకటి, వింటూ వింటూ తను కూడా ఊపిరి బిగబట్టిన సంగతి గుండెలు బరువెక్కాక గాని తెలియలేదు, వదిలేద్దామనుకుంటూ ఉండగానే ముక్క అయిపోయింది, ఇద్దరూ ఒక్కసారే ఆగినట్టు, ఇద్దరెవరు, అనుకుని, ఇంకొకటి పెట్టి ఈసారి కావాలనే బిగబట్టింది, ఇక నా వల్ల కాదనేసరికి అదీ ఆగింది, అంటే బ్యాటరీ చెడలేదు, మైకూ చెడలేదు, వాడే గుండెల నిండా పీల్చుకుని మొదలుపెట్టడం, ఆగలేనప్పుడు ఆపేసి వదలడం, మళ్లీ పీల్చడం, మళ్లీ మొదలుపెట్టడం, ఊరంతా అలాగే తిరిగాడు పిచ్చివెధవ, మెట్ల వీధిలో ముక్కలు చిన్నచిన్నవి, ఎక్కలేక ఆయాసపడి ఉంటాడు, సముద్రం దగ్గర పొడుగ్గా ఉన్నాయి, అక్కడ చతికిలబడి ఉంటాడు, ఆ నూనె చిటపట దగ్గర మరీ పొట్టివి, చేపలే అయి ఉంటాయి, బిగబట్టిన ముక్కుకు వాసనెలా తెలుస్తుంది, ఉండబట్టలేక ఆపి పీల్చుకుని ఉంటాడు, ఆమెకు నవ్వొచ్చింది, తెర మీద ముక్కలన్నీ బారులు తీరి ఉన్నాయి, పొడుగూ పొట్టీ, వాటి నడుమ ఖాళీలు, వాటిని దగ్గరికి జరపడానికి మౌస్ మీద పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది, ఈ సంతలో వాడి ఊపిరి లేదని ఇంతసేపూ ఏడ్చింది గాని, ఒక్కో ముక్క పొడవూ వాడి ఒక్కో ఊపిరి పొడవే.