పువ్వుల గౌను

ఫోటోల రోజు వచ్చిందంటే మిషన్ ఆఫీసు పెళ్లివారిల్లయిపోయేది. ఎనభైమంది పిల్లలు, వాళ్ల ముక్కులు తుడవడం, తలలు దువ్వడం. ఆ పిల్లల చదువు, పాలపొడి, మందులు భరించే దాతలు సముద్రానికి అవతల ఉంటారు. ఏడాదికోసారి వాళ్లకు ఒక్కో ఫోటో వెళ్లాలి. పిల్ల ఛాతీ దగ్గర నంబరు పలక పట్టుకోవాలి, నవ్వాలి. పేదరికం కనిపించవచ్చు గానీ ఏడుపు కనిపించకూడదట! ఏడుపు మొహాలను పెద్దాఫీసు తిప్పి పంపేది, మరో ఫోటో వెళ్లేదాకా ఆ పిల్లకు సాయం ఆగిపోయేది. కన్నవాళ్లకు కూడా ఒక కాపీ ఇద్దామని మాత్రం ఇన్నేళ్లలో ఏ మహానుభావుడికీ తోచలేదు. ఆ పిల్లలుండే వాడలో ఫోటో తీసే ఫోన్లు ఇంకా రాని రోజులవి.

ఈ తతంగమంతా నడిపేది అక్క. ప్రభువుకు మాటిచ్చి, తొమ్మిదేళ్ల కిందట దేశం కాని దేశం వచ్చిన మనిషి. వాడలో పిల్లా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు.

ఆ వాడలో చిరిగిన గోనెసంచులు కుట్టి బతికే ఒకామెకు ఒక్కతే కూతురు. నాలుగేళ్ల చిట్టి. వానలకు వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో చనిపోయింది. మూడు వారాల తర్వాత ఆ తల్లి ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, దాని మొహం గుర్తు రావట్లేదు. కళ్లు మూసుకుంటే ఏడుపు వినిపిస్తోంది గానీ మొహం రావట్లేదు. నిరుడు మీరు ఫోటో తీశారుగా. ఆ దాతమ్మను అడిగితే ఇస్తుందా? ఒక్కసారి చూసుకుని ఇచ్చేస్తాను."

అక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎందుకివ్వదు? ఇవాళే రాస్తాను," అంది. అన్నట్టే రాసింది, అప్పటికప్పుడే పోస్టులో వేసింది కూడా.

సాయంత్రం చిట్టిది, పదిహేడో నంబరు ఫైలు బీరువాలో పెడుతుంటే ఆ ఫోటో సంగతి గుర్తొచ్చింది.

నిరుడు ఆ రోజు కెమెరాను చూడగానే చిట్టి ఆరున్నొక్క రాగం అందుకుంది. బిస్కెట్లు పెట్టినా ఆపలేదు. పాస్టరు గారు పెద్దరికం పక్కన పెట్టి కోతిలా గెంతినా ఆపలేదు. తల్లి చూస్తే గోదాములో పనిలో ఉంది, వెనకేమో చాంతాడంత లైను. ఫోటో లేకపోతే పిల్లకు పాలపొడి ఆగిపోతుందని అక్క బెంగ. ఇక లాభం లేదని చిట్టి పువ్వుల గౌను విప్పి, అప్పటికే తన ఫోటో అయిపోయిన పక్కింటి పిల్లకు తొడిగింది. ఆ పిల్లను వాడంతా పకపక అనే పిలుస్తారు. పదిహేడో నంబరు పలక పట్టుకుని పకపక హాయిగా నవ్వేసింది. ఎవరికి నష్టం అనుకుంది అక్క. ఆదివారం బడిలో అబద్ధమాడకూడదని పిల్లలకు నేర్పేది కూడా ఈవిడే మరి.

మర్నాడు పొద్దున్నే ఫోటోగ్రాఫరు దగ్గరికి పరిగెత్తింది.

"చిట్టి ఏడుస్తున్నప్పుడు కూడా ఒకటి తీశారు కదండీ?"

"తీశాను, చెరిపేశాను. ఏడుపు ఫోటోలు ఎవరు దాచుకుంటారమ్మా?"

ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక తల్లి గేటు దగ్గర నిలబడేది. అడిగేది కాదు, ఊరికే చూసేది. ఈ వారం చెప్పేద్దాం అనుకునేది అక్క, చెప్పలేక తల వంచుకుని వెళ్లిపోయేది. ఒక పొద్దున మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఉత్తరానికి జవాబు రాకుండా చూడమని దేవుణ్ణి వేడుకుంది. లేచాక తన మీద తనకే అసహ్యం వేసింది.

పదో వారం జవాబు రానే వచ్చింది. ఫోటో నలగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి పంపింది దాతమ్మ. వణికే చేత్తో రాసిన నాలుగు వాక్యాలున్నాయి. "రోజూ ఈ నవ్వు చూసే ప్రార్థన చేసేదాన్ని. నా మంచం పక్కనే ఉండేది. దీని మీద నాకన్నా తల్లికే హక్కుంది. తిరిగి పంపకండి."

పోస్టులో పోయిందని చెప్పేస్తే సరిపోతుంది. ఆ ఆలోచన అక్కకు రాకపోలేదు. ఒక రోజంతా ఫోటోను బైబిల్లో దాచింది కూడా. రెండో రోజు ఉండబట్టలేక వాడకు వెళ్లింది.

తల్లి రేకుల గదిలో గోనెల కుప్ప ముందు కూర్చుని కుడుతోంది. అక్క చేతిలో కవరు చూడగానే సూది పక్కన గుచ్చి, చేతులు బట్టలకు తుడుచుకుని అందుకుంది. ఇచ్చేముందే చెప్పాలనుకుంది అక్క. చెప్పేలోపే తల్లి కవరు విప్పేసింది.

తల్లి ఫోటోను వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూసింది. బయట కుళాయి దగ్గర పకపక ఎవరితోనో ఆడుతూ నవ్వుతోంది.

"ఇది పకపక కదా," అంది తల్లి.

"అవును. చిట్టి ఏడుపు ఆపలేదు. సాయం ఆగిపోతుందని భయపడి నేనే ఆ పిల్లను నిలబెట్టాను. తప్పు చేశాను చెల్లీ. నన్ను క్షమించు."

తల్లి కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండునని అక్క అనుకుంది.

"బాగా ఏడ్చిందా?"

"బాగా ఏడ్చింది. గౌను విప్పుతుంటే ఇంకా ఎక్కువ చేసింది."

"విప్పనిచ్చేది కాదు. ఆ గౌనంటే దానికి ప్రాణం." తల్లి ఫోటోను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. "మీరిచ్చిన పాత కర్టెన్ గుడ్డే. గోనెసూదితో కుట్టాను కదా, చూడు, కుట్లు ఎంత లావున పడ్డాయో. గౌనుతోనే పూడ్చిపెట్టాం దాన్ని."

పకపక మొహం మీద బొటనవేలు పెట్టి కప్పేసింది. ఇప్పుడు గౌను, పలక, రెండు చిన్న చేతులే కనిపిస్తున్నాయి. వేలు తియ్యకుండానే కళ్లు మూసుకుంది.

"ఎలా ఏడ్చిందో చెప్పక్కా. నువ్వు చూశావుగా."

అక్క ఆమె పక్కనే గోనెల మీద కూలబడింది.

"ముందు కింది పెదవి బయటికొచ్చింది," అని మొదలుపెట్టింది.